సగం ధరకి దొరికిన మాంసం, చేపలు ఎక్కువ కొని దాచుకోవడం: నేను మూడు కిలోలు పారేశాను, సరిగ్గా ఎలా చేయాలో చెప్పండి

నెలజీతం:
అందరికీ నమస్కారం అండీ. మా ఇంట్లో నలుగురం, సరుకుల ఖర్చులో పెద్ద వాటా మాంసం చేపలకే పోతోంది, పిల్లలు ఎదిగే వయసు కాబట్టి మానేయాలని లేదు. అందుకని కొన్నాళ్ల నుంచి షాపు మూసే టైముకి వెళ్తున్నా, డేట్ దగ్గరపడిన ప్యాకెట్ల మీద ధర తగ్గించి స్టిక్కర్ వేస్తారు కదా, అవి ఏరి తెచ్చుకుంటున్నా. రెండు నెలల కింద ఒకే రోజు ఆరు కిలోల చికెన్, రెండు కిలోల కైమా, మూడు కిలోల చేప సగం ధరకే దొరికాయి. ఎంత సంతోషంగా తెచ్చానో. ఇంటికొచ్చేసరికి రాత్రయింది, బాగా అలసిపోయి ఉన్నా, ఎలా తెచ్చినవి అలాగే ఫ్రీజర్‌లో కుక్కేశా.

చికెన్ మొత్తం ఒకదానికొకటి అతుక్కుని బండరాయిలా అయిపోయింది. కిలో కావాలంటే రెండు కిలోల గడ్డ బయట పెట్టాల్సిందే, ఒకరోజు కత్తితో విడదీయబోతే కత్తి జారి బొటనవేలు తెగింది. బయట పెడితే పైన మెత్తబడి నీళ్లు కారుతున్నా లోపల ఇంకా రాయే. చేప తీసి చూస్తే అంచులన్నీ తెల్లగా అట్టముక్కల్లా ఎండిపోయాయి, వండితే పాత నూనె వాసన, పిల్లలు ముద్ద నోట్లో పెట్టుకుని పక్కకి తీసేశారు. అన్నీ కలిపి మూడు కిలోల పైనే పారేశా. పారేసిన రోజు ఏడుపొచ్చింది నిజంగా, డబ్బు ఒక్కటే కాదు, ఒక ప్రాణం పోయి మన కంచం దాకా వచ్చిన తిండి అది. ఇలా కొనడం మంచిదేనా, మంచిదైతే ఎలా చేయాలి, అనుభవం ఉన్నవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

కత్తిపీట:
అమ్మా, నేను మాంసం కౌంటర్‌లో పన్నెండేళ్లు పనిచేశా. డిస్కౌంట్ ప్యాకెట్ అంటే చెడిపోయిందని కాదు, దాని టైము దగ్గరపడిందని. మీరు డబ్బు ఇచ్చిన నిమిషం నుంచి ఆ టైము మీ చేతిలోకి వస్తుంది, అదే అందరూ మర్చిపోయేది. మామూలు ధరకి కొన్న చికెన్‌ని రెండో రోజు ఫ్రీజ్ చేసినా ఫరవాలేదు, స్టిక్కర్ వేసిన చికెన్‌కి ఆ రెండో రోజు లేదు, ఆ రాత్రే వండాలి లేదా ఆ రాత్రే ఫ్రీజర్‌లోకి పోవాలి. అలసటగా ఉన్నరోజు ఆరు కిలోలు కొనకండి, కిలో కొనండి. ఆ రాత్రి ఒక గంట కూర్చునే ఓపిక ఉందా లేదా అన్నది బిల్లు కట్టకముందే ఆలోచించుకోవాలి.

డేట్ కూడా రెండు రకాలు. ఈ తేదీలోపు వాడాలి అని రాసి ఉంటే అది ఆరోగ్యానికి సంబంధించింది, దాటితే ముట్టుకోవద్దు, వాసన బాగున్నా సరే. ఈ తేదీ వరకు బాగుంటుంది అని ఉంటే అది రుచికి సంబంధించిన మాట. పచ్చి మాంసం చేపల మీద ఎక్కువగా మొదటిదే ఉంటుంది. ఆ తేదీ ముగిసేలోపు ఫ్రీజ్ చేస్తే గడియారం ఆగినట్టే, కానీ వెనక్కి తిరగదు. ఫ్రీజర్ క్రిములని చంపదు, నిద్రపుచ్చుతుంది అంతే. కరిగించిన రోజు అవి మళ్లీ అక్కడినుంచే మొదలుపెడతాయి.

కొనేటప్పుడు ప్యాకెట్‌ని చేత్తో నొక్కి చూడండి. కవర్ బెలూన్‌లా ఉబ్బితే వద్దు, చిరిగితే వద్దు, అడుగున ఎర్ర నీళ్లు మడుగు కట్టి ఉంటే అది చాలాసేపు చల్లదనం తగలకుండా ఉందని అనుమానించండి. రంగు చూసి మాత్రం భయపడక్కర్లేదు, ఎర్ర మాంసం గాలి తగిలి గోధుమరంగుకి తిరగడం మామూలే, ఆ ఒక్కదాని వల్ల చెడిపోయినట్టు కాదు. చేత్తో పట్టుకుంటే జిగురుగా సాగడం, పుల్లటి వాసన, ఈ రెండూ ఉంటే ఎంత తక్కువకిచ్చినా తేకండి.

మూడుకంచాలు:
నెలజీతం అక్కా, నాదీ మొదట్లో ఇదే కథ. ఇప్పుడు ఏం చేస్తానో చెప్తా. ఇంటికి రాగానే ఒక పూటకి మాకు ఎంత కావాలో అంతే కట్టలు కడతా. మాకు కైమా 400 గ్రాములు సరిపోతుంది. జిప్ కవర్‌లో వేసి, కవర్‌ని బల్ల మీద పరిచి, అరచేత్తో మూలమూలకీ నొక్కుతూ నోట్‌బుక్ మందానికి తెస్తా, తర్వాత స్కేలు అంచుతో మధ్యలో అడ్డంగా నిలువుగా గాడి నొక్కుతా. గడ్డకట్టాక సగమే కావాలంటే ఆ గాడి దగ్గర చాక్లెట్ విరిచినట్టు టప్‌మని విరిగిపోతుంది, కత్తే అక్కర్లేదు. పుస్తకాల్లా నిలబెట్టి పేర్చుకోవచ్చు, చోటు కూడా చాలా మిగులుతుంది.

గాలి తీయడానికి మెషిన్ అక్కర్లేదు. గిన్నెనిండా నీళ్లు పెట్టి, జిప్ ఒక మూల మాత్రం తెరిచి ఉంచి కవర్‌ని మెల్లగా నీళ్లలోకి దించండి, నీటి బరువుకి గాలంతా పైకి పోతుంది, ప్లాస్టిక్ మాంసానికి చర్మంలా అతుక్కుంటుంది, అప్పుడు ఆ మూల మూసేయండి. మీ చేప అంచులు తెల్లబడింది గాలి వల్లే. ఫ్రీజర్‌లోని పొడిగాలి ముక్కలోని ఐసుని నీరు కాకుండానే నేరుగా ఆవిరి చేసి లాగేస్తుంది. అది తింటే జబ్బు చేయదు, ఆ భాగం కోసేసి మిగతాది వండుకోవచ్చు, రుచి మాత్రం పోతుంది.

ఇంకోటి, చికెన్ ముక్కలు ట్రేలో విడివిడిగా పరిచి రెండు మూడు గంటలు గట్టిపడనిచ్చి అప్పుడు ఒకే కవర్‌లో వేస్తే అతుక్కోవు, నాలుగు కావాలంటే నాలుగే తీసుకోవచ్చు.

నెలజీతం:
ఆ స్కేలు సంగతి ఇవాళే చేసి చూస్తా. ఒక్క డౌట్, పలచగా పరచడం చోటు కోసమేనా లేక రుచికి కూడా తేడా వస్తుందా? నేను రెండు కిలోల ప్యాకెట్ అలాగే పెట్టా కదా, నా చికెన్ వండితే పీచులా ఉంది, ఎంత ఉడికించినా రసం లేకుండా పొడిగా.

చల్లగాలి:
ఫ్రిజ్‌లు రిపేర్ చేయడం నా పని, ఇది నేను చెప్తా. తేడా చాలా ఉందండీ. మాంసంలో నీరు నిదానంగా గడ్డకడితే పెద్ద పెద్ద ఐసు పలుకులు కడతాయి, అవి లోపలి కణాలని చీల్చేస్తాయి, కరిగించినప్పుడు ఆ చీలికల్లోంచే రసమంతా కారిపోతుంది. మీరు గిన్నెలో చూసిన ఎర్ర నీళ్లు అదే, రుచి ఆ నీళ్లతో పోయింది. త్వరగా గడ్డకడితే పలుకులు సన్నగా ఉంటాయి, కణం నిలబడుతుంది. పలచటి కట్ట గంటల్లో గడ్డకడుతుంది, రెండు కిలోల ముద్ద నడిమధ్యకి చలి చేరడానికి ఒక రాత్రీ పగలూ కూడా పట్టొచ్చు.

ఈ విషయం ప్రపంచానికి ఎలా తెలిసిందో నాకు చాలా ఇష్టమైన సంగతి. క్లారెన్స్ బర్డ్స్‌ఐ అనే ఆయన 1912లో బొచ్చు వ్యాపారం కోసం కెనడా ఈశాన్య తీరంలోని లాబ్రడార్ వెళ్లాడు. అక్కడి ఇన్యూట్ జనం గడ్డకట్టిన సముద్రంలో రంధ్రం చేసి చేప పట్టి పైకి లాగితే ఆ చలికి అది చూస్తుండగానే గడ్డకట్టేది, నెలల తర్వాత వండినా అప్పుడే పట్టినట్టు ఉండేది. చలి ఒక్కటే కాదు, వేగం ముఖ్యం అని ఆయన అక్కడ గ్రహించాడు, 1920ల్లో దాన్నే వ్యాపారం చేశాడు. ఇవాళ షాపుల్లో దొరికే ఫ్రోజెన్ చేప అంతా ఆ దారిలో వచ్చిందే.

ఇక మీ ఇంటి ఫ్రీజర్ సంగతి. లోపల ఎక్కడో ఒక స్టిక్కర్ ఉంటుంది లేదా మాన్యువల్‌లో రాస్తారు, 24 గంటల్లో ఎన్ని కిలోలు గడ్డకట్టించగలదో. ఇంట్లో వాడే వాటికి అది చాలా తక్కువ ఉంటుంది. పదకొండు కిలోలు ఒకేసారి పెడితే కొత్తవి గడ్డకట్టవు సరికదా పాతవి కూడా మెత్తబడతాయి. క్విక్ ఫ్రీజ్ బటన్ ఉంటే ఎక్కువ కొనాలనుకున్న ముందురోజే నొక్కండి. కొత్త కట్టలు ఒకదాని మీద ఒకటి కాకుండా ఒక వరసలో, వీలైతే లోహపు ట్రే మీద, వెనక గోడకి దగ్గరగా పరవండి, గట్టిపడ్డాకే పేర్చండి. లోపల మైనస్ 18 డిగ్రీలు ఉండాలి, చిన్న థర్మామీటర్ ఒకటి పెట్టుకోండి, నంబర్ బటన్‌ని నమ్మొద్దు. తలుపు రబ్బరులో కాగితం పెట్టి మూసి లాగండి, సులువుగా వచ్చేస్తే రబ్బరు పోయినట్టు, ముందు అది మార్పించండి.

లెక్కపుస్తకం:
ఖర్చు గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను రాస్తా. నాకు ఇంటి లెక్క రాయడం ఇరవై ఏళ్ల అలవాటు. ఆరు కిలోలు సగం ధరకి కొన్నారనుకోండి, మూడు కిలోల డబ్బు ఇచ్చారు. అందులో రెండు కిలోలు పారేస్తే తిన్నది నాలుగు కిలోలు, అంటే మీకు వచ్చిన తగ్గింపు సగం కాదు, నాలుగోవంతు. మూడు కిలోలు పారేస్తే తగ్గింపే లేదు, మామూలు ధరకి మూడు కిలోలు కొన్నట్టే, పైగా కోసుకున్న కష్టం, కరెంటు అదనం. స్టిక్కర్ మీద రాసింది తగ్గింపు కాదు, పారేయకుండా తిన్నాక తేలేదే తగ్గింపు.

రెండోది, బరువు అంతా తిండి కాదు. ఎముక, తోలు, చేప తల, పొలుసు, ఇవన్నీ తూకంలో ఉంటాయి. నేను ఒకసారి రెండున్నర కిలోల చేప శుభ్రం చేసి ముక్కలు తూచితే కిలో ఆరువందలు వచ్చింది. కాబట్టి ముక్కల ధరతో పోల్చాలంటే ముందు ఆ లెక్క కట్టాలి. ఫ్రోజెన్ చేపలు రొయ్యల మీద ఐసు పొర ఉంటుంది, ప్యాకెట్ మీద ఐసు తీసేసిన బరువు విడిగా రాస్తారు, అదే చూడండి. కొన్నిచోట్ల చికెన్‌లోకి ఉప్పునీళ్లు ఎక్కించి అమ్ముతారు, అదీ లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, నీళ్లకి మాంసం ధర ఇస్తున్నామా అని చూసుకోవాలి.

కోడి మొత్తంగా కొని ఇంట్లో కోసుకుంటే విడి ముక్కల కంటే దాదాపు ఎప్పుడూ తక్కువే పడుతుంది, ఎముకలు సూప్‌కి వస్తాయి.

ఒంటరివంట:
నేను ఒక్కదాన్నే ఉంటా, ఫ్రిజ్ పైన చిన్న ఫ్రీజర్, రెండు అరలు. నాకు ఇవన్నీ వర్తించవేమో అనుకునేదాన్ని. తర్వాత పచ్చిది దాచడం మానేసి వండి దాచడం మొదలుపెట్టా. సగం ధరకి కిలోన్నర దొరికితే ఆ రాత్రే మొత్తం వండేస్తా, పలచటి డబ్బాల్లో పూటకొకటి సర్ది, ఆవిరి పోయేదాకా ఉంచి, రెండు గంటలలోపే ఫ్రిజ్‌లోకి, అక్కడ చల్లబడ్డాక ఫ్రీజర్‌లోకి. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి పొయ్యి ముందు నిలబడే ఓపిక లేనిరోజు ఆ డబ్బా నాకు అమ్మ పెట్టినట్టు ఉంటుంది. బయట కొనుక్కు తినడం తగ్గింది, అసలు ఆదా అక్కడే కనిపించింది నాకు. రెండు మూడు నెలల్లో తినేస్తే రుచి బాగుంటుంది. బంగాళదుంప వేస్తే మాత్రం కరిగాక పిండిపిండిగా అవుతుంది, అది తినేరోజు వేసుకుంటా.

అలలఒడ్డు:
చేపల గురించి నేను చెప్పాలి, మా అమ్మ నలభై ఏళ్లు చేపలు అమ్మింది, నేను ఆ బుట్ట పక్కనే పెరిగా.

మాంసం లెక్క చేపకి పనికిరాదండీ. చేప కండ మెత్తన, త్వరగా పాడవుతుంది, చల్లని నీళ్ల చేపలైతే వాటి ఒంట్లోని క్రిములు కూడా చల్లదనానికి అలవాటుపడ్డవే, ఫ్రిజ్‌లో పెట్టినా పనిచేస్తూనే ఉంటాయి. అందుకే ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులకి మించి ఉంచకూడదు. తగ్గింపు చేప కొనాలంటే మా అమ్మ చేసినట్టు చేయండి. ముందు కన్ను చూడాలి, ఉబ్బెత్తుగా గాజులా మెరవాలి, లోపలికి పోయి తెల్లగా మబ్బు పట్టి ఉంటే పాతది. మొప్ప ఎత్తి చూడాలి, ఎర్రగా తడిగా ఉండాలి. వేలితో వీపు మీద నొక్కితే గుంట వెంటనే పూడాలి. చివరికి వాసన, సముద్రం వాసన ఉండాలి, నీచు వాసన ముక్కుకి కొట్టకూడదు, అమ్మోనియా లాంటి ఘాటు వస్తే వెనక్కి పెట్టేయాలి. తల తీసేసిన ముక్కలైతే కన్నూ మొప్పా చూసే వీలు ఉండదు, అంచులు ఎండి పసుపు తిరిగాయా చూడండి.

కొన్ని చేపల సంగతి మాత్రం గట్టిగా చెప్తా. కానాగంతలు, కవళ్లు, ట్యూనా, ఈ జాతులు చల్లదనం లేకుండా కాసేపు ఉంటే వాటి కండలో హిస్టమిన్ అనేది తయారవుతుంది. అది ఒకసారి పుట్టాక వండినా పోదు, ఫ్రీజ్ చేసినా పోదు, ఒక్కోసారి వాసనలో కూడా తెలియదు. తిన్న కాసేపటికే మొహం ఎర్రబడి, తలనొప్పి, ఒంటిమీద దద్దుర్లు వస్తాయి. మా ఇంట్లో చిన్నాన్నకి అలా అయింది, అందరం భయపడిపోయాం. కాబట్టి ఈ రకాలు ఐసులో బాగా కప్పి ఉన్నవే కొనండి, ఐసు కరిగి నీళ్లలో తేలుతుంటే సగం ధర కాదు ఊరికే ఇచ్చినా వద్దు.

లెక్కపుస్తకం:
అలలఒడ్డు గారూ, అయితే తగ్గింపు చేప అసలు కొనకపోవడమే మంచిది కదా? నేనైతే చేప విషయంలో పూర్తిగా మానేశా.

అలలఒడ్డు:
అలా అనకండి. చాలాసార్లు తగ్గించేది చెడిపోయి కాదు, ఆ రోజు వలలో ఎక్కువ చేప పడటం వల్ల. పొద్దున ఎక్కువ వస్తే సాయంత్రానికి తక్కువకి ఇచ్చేస్తారు, అది తాజా చేపే. చూడటం తెలిస్తే చాలు. ఇంకోటి, షాపులో గడ్డకట్టించి అమ్మే చేప మీద తగ్గింపు వస్తే అది ఇంకా నమ్మకం, పట్టిన దగ్గరే త్వరగా గడ్డకట్టించింది అయితే ఇంట్లో మనం చేసేదానికంటే బాగుంటుంది. ప్యాకెట్ లోపల మంచు పొడిలా రాలుతుంటే, ముక్కలన్నీ ఒకే ముద్దలా అతుక్కుని ఉంటే మాత్రం మధ్యలో కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం, అది తీసుకోవద్దు.

ఇంట్లో దాచేటప్పుడు ముందు పేగు తీసి, పొలుసు గీకి, కడిగి, గుడ్డతో పూర్తిగా తుడవండి. ముక్కలు ట్రేలో గట్టిపడ్డాక ఒక్కోదాన్ని ఐసు నీళ్లలో ముంచి తీసి మళ్లీ పెట్టండి, రెండు మూడుసార్లు చేస్తే గాజులాంటి పొర కడుతుంది, గాలి తగలదు. రొయ్యలు డబ్బాలో వేసి మునిగేదాకా నీళ్లు పోసి గడ్డకట్టించుకోవచ్చు. కొవ్వు తక్కువ ఉండే తెల్ల కండ చేపలు ఆరు నుంచి ఎనిమిది నెలలు బాగుంటాయి, కానాగంతల్లాంటి నూనె చేపలు రెండు మూడు నెలలే, ఎందుకంటే ఆ నూనె చలిలో కూడా నిదానంగా పాడవుతూనే ఉంటుంది. నెలజీతం అక్క పిల్లలకి వచ్చిన పాత నూనె వాసన అదే.

వానచినుకు:
వాక్యూమ్ మెషిన్ కొనడం వర్త్ అంటారా? నేను నెలకి రెండుసార్లు మాత్రమే ఎక్కువ కొంటా.

మూడుకంచాలు:
నెలకి రెండుసార్లకి నీళ్ల గిన్నె చాలు. నా దగ్గర మెషిన్ ఉంది, దాని కవర్ల ఖర్చే ఎక్కువ. ఆరు నెలలు దాటి దాచేవాళ్లకి పనికొస్తుంది.

అలలఒడ్డు:
మెషిన్ ఉన్నవాళ్లకి ఒక జాగ్రత్త. వాక్యూమ్ చేసిన చేపని కరిగించేముందు కవర్ కత్తిరించి గాలి తగలనివ్వండి, మూసే ఉంచి ఫ్రిజ్‌లో కరిగించొద్దు. గాలి లేని చోట పెరిగి, బొటులిజం అనే ప్రాణాంతక విషజబ్బు తెచ్చే క్రిమి ఒక రకం మూడు డిగ్రీల చలిలో కూడా పెరగగలదు. అది చాలా ప్రమాదం.

వానచినుకు:
అమ్మో, ఇది నాకు అస్సలు తెలియదు. థాంక్స్ అండీ.

కత్తిపీట:
నెలలు చెప్పారు కాబట్టి మాంసానివీ చెప్పేస్తా. కోడి మొత్తంగా అయితే ఏడాది, ముక్కలైతే తొమ్మిది నెలలు, ఎర్ర మాంసం ముక్కలు ఆరు నెలలు దాటినా బాగుంటాయి, కైమా మాత్రం మూడు నాలుగు నెలలు, కార్జం కూడా అంతే. కైమాకి ఎందుకు తక్కువ అంటే అన్నివైపులా కోసి గాలి కలిపిన మాంసం అది. ఇవి రుచి పోకుండా ఉండే గడువులు, మైనస్ 18 నిలకడగా ఉంటే దాటినా విషం కాదు. ఉప్పు పట్టించి దాచితే కొవ్వు ఇంకా త్వరగా పాడవుతుంది, అందుకే మసాలా ఉప్పు కలిపి నెలలకొద్దీ పెట్టకండి, వారం పదిరోజుల్లో వండేదానికైతే కలపొచ్చు.

కరిగించడం దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. బల్ల మీద పెట్టొద్దు. ముందురాత్రి ఫ్రిజ్ కింది అరలో, గిన్నెలో పెట్టి ఉంచండి, రెండు రెండున్నర కిలోలకి ఒక రోజు పడుతుంది, పలచటి కట్టలైతే రాత్రికి రాత్రే అవుతాయి. అర్జెంట్ అయితే కవర్‌తోనే చల్లటి నీళ్లలో ముంచి అరగంటకోసారి నీళ్లు మార్చండి, అరకిలో గంటలో కరుగుతుంది. వేడినీళ్లు వద్దు. మైక్రోవేవ్‌లో కరిగిస్తే ఆ క్షణమే వండేయాలి. మూడుకంచాలు గారి నోట్‌బుక్ మందం కైమా అయితే గడ్డగానే మూకుట్లో వేసేయొచ్చు.

ఒంటరివంట:
కరిగించినది మళ్లీ ఫ్రీజ్ చేయకూడదంటారు కదా, ఒకసారి ప్లాన్ మారి వండలేకపోయా, పారేశా. అవసరమా?

కత్తిపీట:
పారేయక్కర్లేదమ్మా. ఫ్రిజ్‌లోనే కరిగినదైతే అమెరికా వ్యవసాయ శాఖ మళ్లీ గడ్డకట్టించొచ్చు అంటుంది, రసం ఇంకొంచెం పోతుంది అంతే. బ్రిటన్ ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ పచ్చిదాన్ని మళ్లీ పెట్టొద్దు, వండి పెట్టుకోండి అంటుంది. నేను రెండోదే పాటిస్తా, మాంసం ఇప్పటికే డేట్ అంచున కొన్నది కాబట్టి. ఉట్టి ఉప్పు పసుపు వేసి ఉడికించి డబ్బాలో పెట్టుకోండి, పెద్ద పనేం కాదు. బయట రెండు గంటలు దాటి ఉన్నదైతే మాత్రం దేనికీ పనికిరాదు.

వానచినుకు:
ఇంకో డౌట్, ప్యాకెట్ తెరిచాక చికెన్ కడిగి పెట్టాలా కడగకుండానా? మా ఇంట్లో దీనిమీద రోజూ గొడవే.

మూడుకంచాలు:
నేను కడగను, టిష్యూ కాగితంతో అద్ది పెడతా. కుళాయి కింద కడిగితే తుంపరలు గట్టు మీద, గిన్నెల మీద, పక్కనున్న కూరగాయల మీద పడతాయి, క్రిములు వాటితో పాటే పోతాయి. 74 డిగ్రీల వేడి లోపలిదాకా తగిలితే చికెన్‌లో క్రిములు చస్తాయి, నీళ్లకి చావవు. చేపకి మాత్రం పొట్ట శుభ్రం చేయాలి కాబట్టి కడగాల్సిందే. కడిగి తీరాలి అనే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే కుళాయి కింద కాకుండా గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా కడిగి, గట్టూ సింకూ తర్వాత సబ్బుతో తుడవండి, పెద్దవాళ్లతో గొడవ ఎందుకు.

లెక్కపుస్తకం:
కరెంటు పోతే పరిస్థితి ఏంటి? ఒకసారి మేం ఊరెళ్లి వచ్చేసరికి ఫ్రీజర్ అడుగున రక్తం గడ్డకట్టి ఉంది, అంటే మధ్యలో కరిగి మళ్లీ గట్టిపడింది. ఎన్ని గంటలు పోయిందో తెలియక అంతా పారేశాం, ఎనిమిది కిలోలు. ఆ నెల మా లెక్క మొత్తం తలకిందులైంది.

చల్లగాలి:
పారేసి మంచిపని చేశారు. తలుపు తీయకపోతే నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు చలి నిలుపుకుంటుంది, సగం నిండితే 24 గంటలు. కింది ఫ్రిజ్ నాలుగు గంటలే. అందుకే ఖాళీ ఉంటే నీళ్ల సీసాలు ముప్పావు వంతు నింపి పెట్టండి, అవే చలిని పట్టి ఉంచుతాయి. ఊరెళ్లేముందు ఒక గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి పైన నాణెం పెట్టి వెళ్లండి. వచ్చి చూస్తే నాణెం పైనే ఉంటే సరే, అడుగుకి దిగి ఉంటే మొత్తం కరిగి మళ్లీ కట్టిందని తెలిసిపోతుంది. పోయింది కాసేపేనని తెలిసి, ముక్కల్లో ఇంకా ఐసు పలుకులు కనిపిస్తుంటే ఉంచుకోవచ్చు.

నెలజీతం:
మూడు వారాల తర్వాత వచ్చా. మీరంతా ఇంత ఓపికగా రాశారు కాబట్టి ఏం చేశానో చెప్పడం నా బాధ్యత.

ముందు ఫ్రీజర్ మొత్తం ఖాళీ చేశా. వెనక మూల లేబుల్ లేని కవర్లు నాలుగు దొరికాయి, ఏంటో ఎప్పటివో గుర్తులేదు. ఇప్పుడు తలుపు మీద కాగితం అంటించా, లోపలికి పోయిన ప్రతి కట్ట పేరూ బరువూ తేదీ రాస్తున్నా, తీసినప్పుడు మా పెద్దాడు గీత కొడతాడు, వాడికి ఆ పని బాగా నచ్చింది. థర్మామీటర్ పెడితే మైనస్ 11 చూపించింది. కాగితం పెట్టి లాగితే ఊడి వచ్చేసింది, రబ్బరు మార్పించా, ఇప్పుడు మైనస్ 18, 19. అంటే నా చేప పాడైంది గాలి ఒక్కదాని వల్లే కాదేమో.

పోయిన శుక్రవారం షాపులో మళ్లీ సగం ధర. తొమ్మిది ప్యాకెట్లున్నాయి, చెయ్యి లాగింది, కానీ కత్తిపీట అన్న మాట గుర్తొచ్చి మూడే తీసుకున్నా. చల్లటి సంచిలో ఐసు ప్యాకులు పెట్టుకుని వెళ్లా, మిగతా సరుకులన్నీ అయ్యాక చివర్లో మాంసం తీసుకున్నా. ఇంటికొచ్చి స్నానం కూడా చేయకుండా కూర్చున్నా, నలభై నిమిషాల్లో అయిపోయింది. స్కేలు గాడి అద్భుతం అండీ, నిన్న పొద్దున నిజంగా టప్‌మని విరిగింది. చికెన్ రసం గిన్నెలో చెంచాడు కూడా కారలేదు. చిన్నది రెండోసారి వేయించుకుంది.

ఒక్క డౌట్ మిగిలింది. ఎముకలు విడిగా కవర్‌లో పెడితే మొనలు గుచ్చుకుని కవర్ చిరుగుతోంది, మీరేం చేస్తారు?

కత్తిపీట:
ముందు మొనలున్న వైపు కాగితం రెండు మడతలు చుట్టి, తర్వాత కవర్‌లో పెట్టమ్మా. లేదా ఆ రాత్రే నీళ్లలో వేసి సన్న సెగ మీద రెండు గంటలు మరిగించి వడకట్టి ఆ నీళ్లే గడ్డకట్టించు, ఎముకలకి పట్టే చోట నాలుగోవంతులో సరిపోతుంది. వేలు మానిందా?

నెలజీతం:
మానింది అన్నా. ఎముకలు పొయ్యి మీద పెట్టేశా.